ఉచిత క్లినిక్‌లో 20 రూపాయలు పెట్టాం, తప్పు చేశామా?

బ్రాడీపేట మాస్టారు:
గుంటూరులో మా వీధిలో రిటైరైనవాళ్ళం ఏడుగురం కలిసి ప్రతి ఆదివారం ఒక క్లినిక్ నడుపుతున్నాం. డాక్టరుగారు చూస్తారు, మేం చీటీలు రాసి బీపీ, షుగర్ మాత్రలు నెలకు సరిపడా ఇస్తాం. మందులకు నెలకు 9,000 అవుతోంది. చందాలు 6,000 దాటట్లేదు. వచ్చేది 150 మంది, తలా 20 అంటే 3,000. లెక్కల మాస్టార్ని కదా, కాగితం మీద చక్కగా కుదిరింది! గుమ్మం పక్కన పలక మీద సుద్దతో రాసి పెట్టాం.

రెండో నెలకి 112 మందే వచ్చారు. రానివాళ్ళెవరా అని రిజిస్టరు తిరగేశాను. పెన్షనర్లందరూ వచ్చారు, 50 ఇచ్చి చిల్లర ఉంచుకోమన్నవాళ్ళూ ఉన్నారు. మానేసింది ఎక్కువగా మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు. వాళ్ళలో ఒకామె మొన్న వచ్చింది. ఎప్పుడో అయిపోవాల్సిన స్ట్రిప్పు కొంగుముడి విప్పి తీస్తే ఇంకా నాలుగు మాత్రలున్నాయి. ఇదేంటమ్మా అంటే, "రోజు మార్చి రోజు వేసుకుంటున్నా సార్, రెండు నెలలొస్తాయని" అంది. ఆటోకి రానూపోనూ 40, మాకు 20. బీపీ 180 ఉంది.

ఫీజు తీసేస్తే ఆ 3,000 ఎక్కణ్ణుంచి తేవాలి?

బెజవాడ మందులషాపు:
మాస్టారూ, గవర్నరుపేటలో 22 ఏళ్ళు కౌంటర్లో కూర్చున్నవాణ్ణి. ముందు ఆ పలక తీసెయ్యండి. మందుకి డబ్బు తీసుకుంటే అది అమ్మకమే, దానికి డ్రగ్ లైసెన్సూ ఫార్మసిస్టూ కావాలి. ఎవడో ఒకడు ఫిర్యాదు చేసేదాకా తెలీదు.

అసలు 9,000 ఎందుకవుతోంది? బ్రాండ్లు కొంటున్నట్టున్నారు. జన ఔషధి కేంద్రాల్లో బ్రాండు ధరకంటే 50 నుంచి 90 శాతం దాకా తక్కువ. డాక్టరుగార్ని మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ అని మందు అసలు పేరు రాయమనండి. మాత్ర రంగు మారిందని పెద్దవాళ్ళు గొడవ చేస్తారు, అది మీరే సర్దిచెప్పుకోవాలి.

తెనాలి సిస్టర్:
బీపీ, షుగర్ మాత్రలు పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో ఊరికే ఇస్తారు కదండీ. మా దగ్గర స్టాకు అయిపోయి ముఖం చాటేసిన రోజులు లేకపోలేదు, కానీ చాలావరకు దొరుకుతాయి. కష్టమంతా ఆ లైన్లో. కూలికెళ్ళే మనిషికి పొద్దున్నే లైన్లో నిలబడితే ఆరోజు కూలి పోతుంది. మీ 20 కంటే అదే పెద్ద ఫీజు. మీది ఆదివారం కాబట్టే వాళ్ళు మీ దగ్గరికొచ్చారు.

పబ్లిక్ హెల్త్ స్టూడెంట్:
సార్, మీరు చేసిందే 1987లో ఆఫ్రికాలో పెద్ద ఎత్తున చేశారు. మాలి రాజధాని బమాకోలో యూనిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ పూనుకుని, రోగులు ఇచ్చే డబ్బుతోనే మళ్ళీ మందులు కొనే పద్ధతి పెట్టించాయి. చాలా చోట్ల మందుల అరలు ఖాళీ కాకుండా నిలిచాయి. కానీ పేదవాళ్ళకు మినహాయింపు కాగితం మీదే మిగిలిపోయింది. ఘనాలో అయితే ఇలాంటి ఫీజుల పద్ధతిని 'క్యాష్ అండ్ క్యారీ', అంటే డబ్బిచ్చి తీసుకెళ్ళే పద్ధతి అనేవాళ్ళు, చివరికి 2003లో జాతీయ ఆరోగ్య బీమా చట్టం తెచ్చారు. ఎవరు కట్టలేరో గుమ్మం దగ్గర మీరు తేల్చాలంటే, ఆ మనిషి నలుగురి ముందు నా దగ్గర లేవని చెప్పాలి. చాలామంది చెప్పరు, రావడమే మానేస్తారు.

బ్రాడీపేట మాస్టారు:
సరిగ్గా అదే జరిగింది. మినహాయింపు ఉందని మేం పలక మీద రాయనైనా రాయలేదు, సిగ్గుగా ఉంది.

నిన్న సాయంత్రం కూర్చుని మందుల పేర్లు మార్చి మళ్ళీ లెక్కేశాం. 9,000 కాస్తా 4,100కి వచ్చింది! చందాలతోనే సరిపోతుంది. మిగిలినదాంట్లోంచి దూరం నుంచొచ్చేవాళ్ళకి ఆటో డబ్బులివ్వాలని నేనన్నాను, మా ట్రెజరర్ ఒప్పుకోవట్లేదు, ఆ గొడవ ఇంకా తెగలేదు. 50 ఇచ్చేవాళ్ళకోసం లోపల బల్ల మీద ఒక డబ్బా పెడతాం, దాని మీద అంకె ఏమీ రాయం.

పలక తీసేశాను. రిజిస్టర్లో ఆ 38 మంది పేర్లకి గుర్తు పెట్టుకున్నాం, సగం మందికి ఫోన్ నంబర్లు లేవు. మిర్చి యార్డు వైపు రేపు పొద్దున్నే వెళ్తున్నా.