స్లో కుక్కర్‌లో పంది పక్కటెముకల పులుసు చిక్కగా రావాలంటే ఏం చేయాలి?

మాది చిత్తూరు. రాగి సంగటిలోకి పంది పక్కటెముకల పులుసు స్లో కుక్కర్‌లో (సన్న వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్) వండుతున్నాను. ప్రెషర్ కుక్కర్‌లో త్వరగా ఉడుకుతుంది కానీ మాంసం పీచుపీచుగా విడిపోతుంది. నాకు ముక్క ఎముకను అంటిపెట్టుకునే ఉండాలి, కొరికితే తేలిగ్గా ఊడి రావాలి.

63 డిగ్రీల సెల్సియస్‌కే పంది మాంసం తినదగినంత ఉడుకుతుంది. పక్కటెముకల్లో మాంసాన్ని గట్టిగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్ బాగా కరగాలంటే మాత్రం లోపలి వేడి 90 దాటాలి. అందుకే సన్న వేడి మీద ఏడెనిమిది గంటలు ఉంచుతున్నాను. మెత్తగానే వస్తున్నాయి. చిక్కంతా పులుసుతోనే! మూత కింద ఆవిరి పోయే దారి లేక, మాంసంలోంచి ఊరిన నీరంతా అలాగే నిలిచి పలచగా ఉంటోంది.

నీళ్లు అసలు పోయకుండా ఉల్లిపాయ ముక్కల మీద పేర్చవచ్చా? చింతపండు రసం, బెల్లం మొదట్లోనే వేయాలా, చివర్లోనా? ఎముకల వైపు తెల్లటి పొరను కత్తి మొనతో ఒక మూల లేపి, గుడ్డతో పట్టి లాగేస్తున్నాను. అది ఉంటే మసాలా లోపలికి దిగదని నా నమ్మకం. మీరూ తీస్తారా?

ఇంకొకటి, ఇదే నాకు ముఖ్యం. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. మధ్యలో గంటసేపు కరెంటు పోతే ఆ మాంసాన్ని పొయ్యి మీదకు మార్చి మరిగిస్తే చాలా, పారేయాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.