పాస్టెల్ ఆకాశం బురదైపోతోంది, ఎవరైనా చెప్పండి

పులికాట్ పిల్ల: మధ్యాహ్నం నుంచి ఇదే పని, ఒళ్లు మండిపోతోంది. పాస్టెల్ రంగుకడ్డీలతో పులికాట్ సరస్సు సాయంత్రం బొమ్మ వేస్తున్నా, పైన నీలం, కింద నారింజ, నీళ్లలో ఫ్లెమింగోలు. రెండు రంగులూ కలిసేచోట వేలితో రుద్దితే మట్టిముద్దే. మీద తెల్లమబ్బు వేద్దామంటే జారిపోతోంది, పట్టదు. నేను చూసిన వీడియోలో ఆవిడకి పొగలా కలిసిపోయింది!

కుంచె మాస్టారు: ఏ పాస్టెల్? ఏ కాగితం?

పక్షుల పిచ్చోడు: ఆకాశం సరే, పక్షుల సంగతేంటి? ఎగిరే ఫ్లెమింగోకి అందరూ కొంగ మెడ పెట్టేస్తారు. కొంగ మెడ మడుచుకుని ఎగురుతుంది. ఫ్లెమింగో మెడ ముందుకీ కాళ్లు వెనక్కీ బారుగా చాపేస్తుంది. రెక్క విప్పితే ఎరుపు, అంచున నలుపు. ఒళ్లంతా గులాబీ పులమకండి, మన దగ్గరికొచ్చేవి చాలావరకు తెలుపే.

ఉప్పలపాడు: అన్ని కొంగలూ మడుచుకోవు సార్. మా ఊరి ఎర్రకాళ్ల కొంగలు చాపుకునే ఎగురుతాయి.

పక్షుల పిచ్చోడు: నేనన్నది తెల్లకొంగ, నారాయణపక్షి గురించి. మీ ఎర్రకాళ్ల కొంగ వేరే జాతి.

ఉప్పలపాడు: మరి ఉత్త 'కొంగ' అన్నారేం?

పులికాట్ పిల్ల: బాబూ, నా ఆకాశం! పాస్టెల్స్ అంటే మామూలువేనండీ, స్టేషనరీ షాపులో పిల్లలకిచ్చే పెట్టె. కాగితం డ్రాయింగ్ బుక్కులోదే.

కుంచె మాస్టారు: అవి ఆయిల్ పాస్టెల్స్. వీడియోలోవి సాఫ్ట్ అయ్యుంటాయి, సుద్దలా పొడి రాలేవి. మీ వాటిలో మైనం, ఆరని నూనె ఉంటాయి. నున్నటి కాగితం మీద రెండు పూతలు పడేసరికి గరుకు నిండిపోతుంది, మూడోది జారుతుంది. మబ్బుకి ముందే చోటు వదలండి. నీలం, నారింజ కలిస్తే ఎవరికైనా మట్టిరంగే. మధ్యలో లేత గులాబీ పట్టీ వేయండి. పసుపు వద్దు, నీలం తగిలితే ఆకుపచ్చ తేలుతుంది. దిగంతం దగ్గర లేతగా, పైకి పోనుపోనూ ముదురుగా. ప్రతి రుద్దుకీ వేలు తుడవండి.

రంగులరాట్నం: ఇదంతా ఎందుకు, సాఫ్ట్ కొనుక్కుని పైన ఫిక్సెటివ్ (పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) కొట్టండి.

కుంచె మాస్టారు: కొడితే లేత రంగులు నల్లబడతాయి. ఆకాశానికి అదే దెబ్బ.

రంగులరాట్నం: పలచగా కొడితే ఏమీ కాదు. నేను కొడతాను.

పులికాట్ పిల్ల: దూదికి కొబ్బరినూనె అద్ది కలపొచ్చా?

కుంచె మాస్టారు: వద్దు. మరక పాకుతుంది.

పులికాట్ పిల్ల: గులాబీ పట్టీ కుదిరింది, థాంక్సండీ. మబ్బు ఇంకో కాగితం మీద చూస్తా.

పక్షుల పిచ్చోడు: ఫొటో పెట్టండి, మెడలు చూద్దాం.