పిల్లలు చిన్నవాళ్ళుగా ఉండగానే నవల రాయాలా, పెద్దయ్యేదాకా ఆగాలా?

నిద్రలేని_రాతలు:
అందరికీ నమస్తే. ఉండేది కూకట్‌పల్లి, పగలు ఒక చిన్న ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. పెద్దది మూడో తరగతి, చిన్నాడు యూకేజీ. వాళ్ళు పడుకున్నాక ఫోన్లో నవల రాస్తున్నాను, ఒక కథల యాప్‌లో రోజుకో ఎపిసోడ్ చొప్పున వస్తోంది. టీనేజ్ పిల్లల కోసం రాస్తున్న కథ. ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ. రాత్రి స్టడీ అవర్‌లో హాజరు తీసుకుంటూ, పోయినేడాది చనిపోయిన అమ్మాయి నంబర్ కూడా పొరపాటున పిలుస్తారు. వెనక బెంచీ నుంచి "ప్రెజెంట్ మేడమ్" అని వినిపిస్తుంది. క్లాసు మొత్తంలో అది విన్నది ఒక్క పిల్లే.

ఇప్పుడు ఇంట్లో గొడవ. "దీపం పెట్టే ఇంట్లో దయ్యాల రాతలేంటమ్మా" అని మా అత్తగారు. దాన్ని పట్టించుకోను, ఆవిడ మధ్యాహ్నం చూసే టీవీ సీరియల్లో పాములు పగబడతాయి. మావారి మాటే తేలడం లేదు. "రాయొద్దని నేననను. చిన్నాడు ఐదో తరగతికి వచ్చేదాకా ఆపు. ఒంటిగంటకు పడుకుని పొద్దున వాళ్ళ మీద విసుక్కుంటున్నావ్" అంటారు. ఇదే మాట మా రైటర్స్ వాట్సాప్ గ్రూపులో పెడితే అందరూ అమెరికా రచయిత్రి స్టెఫనీ మేయర్ పేరెత్తారు. ముగ్గురు పిల్లల తల్లి, రాత్రుళ్ళు కూర్చుని మూడు నెలల్లో 'ట్విలైట్' అనే రక్తపిశాచాల ప్రేమకథ రాసేసింది, నీకేం తక్కువ అని. మీరేమంటారు?

ముక్కుసూటి:
ఆపేయండి మేడమ్. యూకేజీ పిల్లాడు మళ్ళీ యూకేజీ చదవడు. నవల ఎక్కడికీ పోదు, నోట్సు రాసి పెట్టుకోండి. కోట్లలో ఒకరికి తగిలిన అదృష్టాన్ని చూపించి ఇంకో ఇంట్లో నిద్ర చెడగొట్టడం ఈ రైటర్స్ గ్రూపులకు అలవాటే.

పాతవీక్లీ:
ఆగొద్దమ్మా. ఐదో తరగతి అయ్యాక టెన్త్ అంటారు, ఆ తర్వాత ఇంటర్, ఎంసెట్, పెళ్ళి. అవన్నీ అయ్యాక మనవణ్ణి చూసుకోవడానికి అమెరికా రమ్మంటారు. నేను ఆ వరసంతా చూశాను.

1980ల్లో నేనూ వారపత్రికలకు కథలు పంపేదాన్ని. కాగితానికి ఒకవైపే రాయాలి, పక్కన మార్జిన్ వదలాలి, తిరుగు టపాకు స్టాంపులంటించిన కవరు జతచేయాలి. నా కాగితాల మీద పోపు మరకలుండేవి, అయినా కొన్ని వేసుకున్నారు. ఆ రోజుల్లో ఆంధ్రభూమి వీక్లీలో యండమూరి 'తులసిదళం' సీరియల్‌గా వస్తుంటే ఇంటికి తెచ్చిన పత్రికను పిల్లలకు అందకుండా బీరువా మీద పెట్టేవాళ్ళం. వాళ్ళు స్టూలేసుకుని మరీ చదివేవాళ్ళు. కాబట్టి దయ్యాల కథలు తెలుగిళ్ళకు కొత్తేం కాదని మీ అత్తగారికి చెప్పు.

ఒక్క తేడా మాత్రం ఉంది. సీరియల్ రాసేవాళ్ళకు అప్పట్లో భాగానికీ భాగానికీ మధ్య వారం ఉండేది. నీకు ఒక్క రోజు. నిన్ను అలసగొట్టేది నవల కాదేమో, ఆ రోజువారీ గడువేమో చూసుకో.

ఆవకాయ_డాడీ:
మేయర్ కథను మన గ్రూపుల్లో ఎప్పుడూ సగమే చెబుతారు. 2003 జూన్ 2న ఆవిడకు కల వచ్చింది, ఆ రోజే మొదలుపెట్టింది. పిల్లల ఈత క్లాసులు మొదలైన రోజు కాబట్టి తేదీ గుర్తుందని ఆవిడే రాసుకుంది. పూర్తయ్యాక పుస్తకం తీసుకోమని 15 ఉత్తరాలు పంపితే 9 చోట్ల వద్దన్నారు, 5 చోట్ల నుంచి జవాబే లేదు. మిగిలిన ఒక్కటి, రచయితల తరఫున పబ్లిషర్లతో మాట్లాడే ఏజెన్సీ, ఒప్పుకుంది. మూడు పుస్తకాలకు 7.5 లక్షల డాలర్ల ఒప్పందం, 2005 అక్టోబర్‌లో మొదటి పుస్తకం. ఇంతవరకూ అందరూ చెబుతారు. ఆ తర్వాత ఆవిడ భర్త ఆడిటర్ పని మానేసి పిల్లల్ని చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోయాడు. ఇది మాత్రం ఎవరి నోటా వినపడదు.

మా ఇంట్లో కథలు రాసేది నా భార్య. మంగళ, శుక్రవారాలు ఎనిమిదింటి నుంచి వంటింటి డ్యూటీ నాది. గిన్నెలు, స్కూలు బూట్లు, డైరీ మీద సంతకం, దోసెలపిండి రుబ్బడం అన్నీ నావే. గ్రైండర్ మోత ఇబ్బందని తను బెడ్రూమ్ తలుపేసుకుంటుంది. మా వాడు వెళ్ళి ఆ తలుపు కొడతాడు. వాణ్ణి ఎత్తుకొచ్చి పిండి గిన్నె ముందు కూర్చోబెట్టడం కూడా ఆ డ్యూటీలో భాగమే.

మేడమ్, మీ ఆయన "ఆపు" అన్నారు. "గిన్నెలు నేను చూసుకుంటా, నువ్వు తొమ్మిదింటికే కూర్చో" అనలేదు. అలా అంటే మీరు ఒంటిగంట దాకా మేలుకోవాల్సిన పనేముంది?

ముక్కుసూటి:
బ్రదర్, మీరు చెప్పిందాంట్లోనే మీకు జవాబుంది. ముందు డబ్బొచ్చింది, ఆ తర్వాతే ఆయన ఉద్యోగం మానేశాడు. మొదటి పుస్తకం రాసేటప్పుడు ఇంట్లో పిల్లలంతా ఆవిడ చుట్టూనే ఉన్నారు. ఇక్కడ ఇంటి ఈఎంఐ, స్కూలు ఫీజు రెండు జీతాల మీద నడుస్తున్నాయి. ఆయనా పొద్దున్నే పోయి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే మనిషే అయితే? ఆయన్ని విలన్‌ని చేయడం తేలిక.

ఆవకాయ_డాడీ:
ఉద్యోగం మానమని ఎవరన్నారండీ? వారానికి రెండు సాయంత్రాలు అడిగాను. నేనూ ఎనిమిదికే ఇల్లు చేరతాను.

హనుమకొండ_లెక్చరర్:
నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తున్న. టైము సంగతి మీ ఇంటోళ్ళు చూసుకుంటరు, నాకు కథ మీద రెండు మాటలున్నయి.

మీరు టీనేజ్ పిల్లలకు రాస్తున్నమంటున్నరు. మా దగ్గర మార్కులు బాగొస్తయని సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకునేటోళ్ళే ఎక్కువ. తెలుగులో ఒక పేజీ ఆపకుండ చదివే పిల్లలు తక్కువైపోయిన్రు. దయ్యాల నవలలు చదవరని కాదు, ఇంగ్లిష్‌ల చదువుతరు. మీ సీరియల్ చదివేది ఎక్కువ వాళ్ళ అక్కలు, అమ్మలే అయి ఉంటరు, కామెంట్లు ఒకసారి చూసుకోండి. పిల్లలకే చేరాలంటే ఆడియో గురించి ఆలోచించండి. వినడానికి వాళ్ళకు అడ్డమేం లేదు.

రెండోది ముఖ్యం. ఆ హాజరు సీన్ చదవంగనే ఒళ్ళు జలదరించింది, అంత బాగుంది. కానీ ఆ అమ్మాయి ఎట్ల చనిపోయింది? 2019 ఏప్రిల్‌ల ఇంటర్ ఫలితాలొచ్చినంక తెలంగాణల ఎంతమంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నరో మనందరికీ యాదుంది. ఆత్మహత్య చేసుకున్న పిల్ల తిరిగొచ్చి అందరి మీద పగ తీర్చుకున్నట్టు రాస్తే, చచ్చిపోతేనే మన మాట వింటరని ఒక పదహారేళ్ళ పిల్లకు అనిపించొచ్చు. అట్ల రాయొద్దు. ఇసొంటి కథ రాత్రి పన్నెండింటికి, రేపటి ఎపిసోడ్ టెన్షన్‌ల రాసేది కాదు. రాసి, పక్కన పెట్టి, మళ్ళ చదువుకోవాలె. నేనైతే నవల ఆపమనను, రోజుకో ఎపిసోడ్ ఆపమంట.

రోజూ_చదివేదాన్ని:
అందరూ రైటర్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు. పాపకు పాలిస్తూ ఒంటిచేత్తో ఫోన్ పట్టుకుని చదివేదాన్ని నేను. రోజూ రాకపోతే మర్చిపోతాను, నిజం. నాలుగు రోజులు ఆగితే యాప్ ఇంకో పది కథలు చూపిస్తుంది. అమాండా హాకింగ్ సంగతి తెలియదా మీకు? అమెరికాలోని మిన్నెసోటాలో వికలాంగుల హోమ్‌లో పనిచేస్తూ రాత్రుళ్ళు పారానార్మల్, అంటే మానవాతీత శక్తుల నవలలు రాసింది. పబ్లిషర్లు వద్దంటే 2010 ఏప్రిల్‌లో సొంతంగా ఈబుక్స్ పెట్టింది. ఒకదాని వెనక ఒకటి వదులుతూ పోతే పది లక్షల కాపీలు దాటాయి. 2011 మార్చిలో పెద్ద పబ్లిషరే నాలుగు పుస్తకాలకు 20 లక్షల డాలర్లిచ్చాడు. వేగమే ఆవిణ్ణి నిలబెట్టింది.

పాతవీక్లీ:
ఆ అమ్మాయికి అప్పటికి పెళ్ళీ పిల్లలూ లేరు తల్లీ. అయినా ఈమెయిళ్ళు, ఎడిటింగ్, కవర్ల పనులతోనే రోజంతా పోతోంది, రాయడానికి టైమ్ చాలట్లేదు అనే పబ్లిషర్ దగ్గరికి వెళ్ళింది. ఒంటరి మనిషికే అలా ఉంటే, ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఇంకెలా ఉంటుంది?

నిద్రలేని_రాతలు:
అందరికీ థాంక్స్. మీ మెసేజ్‌లన్నీ మావారికి చూపించాను. 'ఆవకాయ డాడీ' ఎవరో కనుక్కో అన్నారు, మంచిగానో కోపంగానో తెలియలేదు. గిన్నెల సంగతి ఇంకా తేలలేదు. బుధ, శనివారాల్లో పిల్లల్ని పడుకోబెట్టడానికి మాత్రం ఒప్పుకున్నారు.

లెక్చరర్ గారూ, ఆ అమ్మాయి చావు ఇంకా రాయలేదు. ఆత్మహత్యే అని మనసులో ఉండింది. ఇప్పుడు జ్వరమొచ్చినా ఇంటికి ఫోన్ చేయనివ్వని హాస్టల్‌గా మార్చాలనుకుంటున్నా. ఆ పిల్ల పగ కోసం కాకుండా వాళ్ళమ్మకు ఫోన్ చేయమని అడగడానికి వస్తుంది. అందుకే హాజరు పలుకుతుంది.

ఈ భాగం పూర్తయ్యేదాకా రోజూ వస్తుంది. తర్వాత వారానికి రెండే ఎపిసోడ్లని యాప్‌లో నోటీసు పెట్టాను. అప్పుడే కొంతమంది అన్‌ఫాలో చేశారు.

రోజూ_చదివేదాన్ని:
నేను చేయలేదు. కానీ ఏ రోజుల్లో వస్తుందో ముందే చెప్పండి, అటూ ఇటూ అయితే ఊరుకోను.

ముక్కుసూటి:
వారానికి రెండా? యూనిట్ టెస్టుల వారం ఏం చేస్తారో చూద్దాం.

నిద్రలేని_రాతలు:
యూనిట్ టెస్టుల వారం సెలవు. అది కూడా నోటీసులోనే రాశానండీ.