లీష్ విప్పి వదిలే డాగ్ పార్కుకి మొదటిసారి వెళ్తున్నాం, ఏం చూసుకోవాలి?

కొత్త ల్యాబ్: మా ల్యాబ్రడార్ పిల్లకి ఐదు నెలలు. కొండాపూర్‌లో 2018లో జీహెచ్‌ఎంసీ తెరిచిన డాగ్ పార్కుకి ఈ ఆదివారం తీసుకెళ్దామనుకుంటున్నాం. నైన్-ఇన్-వన్ (చాలా జబ్బులకి కలిపి వేసే టీకా) డోసులన్నీ అయ్యాయి. రేబిస్ టీకా వేయించి పది రోజులైంది. లోపలికి వెళ్లగానే వదిలేయాలా, కాసేపు లీష్‌తోనే తిప్పాలా?

టీకా కార్డు: ఈ ఆదివారం వద్దండి. రేబిస్ మొదటి డోసు పడ్డాక 28 రోజులు ఆగాలి. కార్డులో ఇంకో తేదీ కూడా చూడండి: నైన్-ఇన్-వన్ చివరి డోసు 16 వారాలు నిండాక పడిందా? అంతకంటే ముందు పడితే తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు టీకాని పనిచేయనివ్వకపోవచ్చు. ఆ టీకా ఆపే జబ్బుల్లో ఒకటైన పార్వో (కుక్కపిల్లలకి వాంతులు, రక్త విరేచనాలు తెచ్చేది) వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కి చావదు. గోమార్ల మందు కూడా ముందే వేయించండి. ఇంటికొచ్చాక వేళ్ల సందులు, చెవుల లోపల, కాలర్ కింద వెతకాలి.

రెండు గేట్లు: అసలు గొడవలు మొదలయ్యేది గేటు దగ్గరే. కొత్త కుక్క రాగానే లోపలివన్నీ మూగుతాయి. అవి చెదిరేదాకా బయటే ఆగండి. రెండు గేట్లుంటే బయటిది మూసి, మధ్యలోనే లీష్ విప్పి, అప్పుడు లోపలిది తీయండి. ఒకటే గేటైతే లోపలికి వెళ్లి అది మూయగానే విప్పేయాలి. మిగతావన్నీ వదులుగా తిరుగుతుంటే కట్టేసి ఉన్న కుక్క పారిపోలేదు, అందుకే పళ్లు చూపిస్తుంది. ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ కూడా తీసేయండి. ఆటలో ఎదుటి కుక్క కోర దాని పట్టీలో ఇరుక్కుంటే రెండూ బెదిరి కరుచుకుంటాయి. విప్పాక అక్కడే నిలబడకుండా మీరు నడుస్తూ ఉండండి, అది మీ వెంటే వస్తుంది. బంతి, బిస్కెట్లు తీసుకెళ్లొద్దు. మొదటి రోజుకి ఇరవై నిమిషాలు చాలు.

కొత్త ల్యాబ్: థాంక్సండీ, వచ్చే నెలకి వాయిదా వేస్తాం. చిన్న కుక్కల వైపా, పెద్దవాటి వైపా?

గేటు కాపలా: ఐదు నెలల ల్యాబ్ పదిహేను కిలోలు దాటే ఉంటుంది, పెద్దవాటి వైపే. కాకపోతే ఆదివారం కాకుండా, జనం తక్కువుండే మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి. ఆట శ్రుతి మించిందా అని అనుమానమొస్తే మీద పడుతున్నదాన్ని ఒక్క క్షణం పట్టుకోండి. కింద పడ్డది తిరిగి దాని దగ్గరికే వస్తే ఆటే. తోక ముడిచి పక్కకి పోతే ఆపేయండి. నిజంగా కరుచుకుంటుంటే కాలర్ జోలికి పోవద్దు, మీ చేతికే కాటు పడుతుంది. ఇద్దరు ఓనర్లూ ఒకేసారి తమ కుక్క వెనక కాళ్లు తొడల దగ్గర ఎత్తి పట్టుకుని వెనక్కి లాగాలి. మనిషికి పన్ను గీరుకున్నా కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టర్‌కి చూపించండి.