స్ప్రింగ్‌లో మూడు కోర్సులా, నాలుగా? (ఎంఎస్ కంప్యూటర్ సైన్స్, టెక్సాస్)

నిద్రలేని_నరసాపురం: అందరికీ నమస్కారం. ఫాల్ 2025లో చేరాను. డిగ్రీకి 30 క్రెడిట్లు, అంటే పది కోర్సులు. ఈ సెమ్‌లో మూడు అయిపోవచ్చాయి. స్ప్రింగ్ రిజిస్ట్రేషన్ సోమవారం తెరుస్తున్నారు. ఇప్పుడు నాలుగు తీసుకుంటే వచ్చే ఫాల్‌లో మూడు చేసి 2026 డిసెంబర్‌కి బయటపడతాను. మూడే తీసుకుంటే చివర్లో ఒక్క కోర్సు మిగిలిపోయి, దానికోసం 2027 మే దాకా ఉండాలి. అనుకున్న నాలుగూ ఇవి: అల్గారిథమ్స్, మెషిన్ లెర్నింగ్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్. చేసినవాళ్లు చెప్పండి.

డాలస్_దోసె: మూడు. పేరులోనే నిద్ర లేదంటున్నావు, ఇంకా నాలుగేంటి.

పాతకాపు_2016: తమ్ముడూ, మూడే తీసుకో. నేనూ నీలాగే కాగితం మీద లెక్కలేసుకున్నవాణ్ణే. మొదటి సెమ్‌లో మూడూ బి. రెండో సెమ్‌లో నాలుగు నెత్తికెత్తుకున్నా, రెండు బి, రెండు సి. నాలుగుకి లెక్కేసే జీపీఏ ఆ సెమ్ 2.5, మొత్తం కలిపితే 2.71. 3.0 కిందికి దిగితే ప్రొబేషన్, అంటే హెచ్చరిక మీద ఉంచుతారు. ఆ మెయిల్ వచ్చిన రాత్రి గదిలో ఐదుగురం ఉన్నాం. బాత్రూంలోకెళ్లి తలుపేసుకుని చదువుకున్నా. కోర్సంటే వారానికి మూడు గంటల క్లాసు అనుకోకు. అల్గారిథమ్స్ హోంవర్క్ ఒక్కటే శని, ఆదివారాలు మింగేస్తుంది. దాని పక్కన ఆపరేటింగ్ సిస్టమ్స్ ప్రాజెక్టు పెట్టుకున్నవాడికి మేం చెప్పక్కర్లేదు, మార్చికల్లా వాడికే తెలుస్తుంది.

ఓరుగల్లు_పోరి: అన్నా, నీకు సి లొచ్చినయని అందరికొస్తయా? నేను నాలుగు తీసుకున్న, 3.7 వచ్చింది. రెండు బరువుయి, రెండు తేలికయి చూసుకోవాలె, గంతే. ఇంకో ముచ్చట ఎవ్వరు చెప్తలేరు. మూడే తీసుకుంటె, అందుల ఒకటి మునుగుతున్నా ఊకె డ్రాప్ చేయరాదు. 9 క్రెడిట్లకు తక్కువైతె ఎఫ్-1 స్టూడెంట్ వీసా స్టేటస్ మీదికొస్తది, ముందుగాల డీఎస్ఓ, అంటే యూనివర్సిటీల మన వీసాలు చూసే ఆఫీసర్, ఒప్పుకోవాలె. నాలుగుంటె ఒకటి వదిలినా 9 ఉంటయి. నాలుగోది స్టెపినీ టైరు లెక్క.

పాతకాపు_2016: ఆ స్టెపినీకి డబ్బులెవరు కడతారమ్మా? మొదటి వారాలు దాటాక వదిలితే ఫీజు వెనక్కి రాదు. ట్రాన్స్‌క్రిప్ట్‌లో డబ్ల్యూ (మధ్యలో వదిలేసినట్టు గుర్తు) అలాగే ఉండిపోతుంది.

ఓరుగల్లు_పోరి: డబ్ల్యూ జీపీఏ లెక్కకు రాదన్నా. సి వస్తది.

డాలస్_దోసె: మొదలైంది.

గోదారి_గట్టు: అసలు విషయం వదిలేశారు. డిసెంబర్‌లో అయిపోతే హెచ్1బీ వర్క్ వీసా లాటరీ ఒకటి ఎక్కువ దొరుకుతుంది. జనం నాలుగు తీసుకునేది అందుకే.

లెక్కల_మాస్టారు: ఈ మాట ప్రతి ఏడూ వింటున్నాను. వేళ్లు మడిచి లెక్కపెట్టండి. 2026 డిసెంబర్ మధ్యలో ముగిస్తే, ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పనిచేసే అనుమతి) మొదలుపెట్టే తేదీని ఎంత వాయిదా వేసినా 60 రోజులే, అంటే 2027 ఫిబ్రవరి. ఏడాది ఓపీటీ, సైన్స్, టెక్నాలజీ డిగ్రీలకిచ్చే రెండేళ్ల స్టెమ్ పొడిగింపు కలిపి 2030 ఫిబ్రవరి దాకా. మార్చిలో జరిగే లాటరీ రిజిస్ట్రేషన్లు 2027, 2028, 2029. మూడు. 2027 మేలో ముగించి జూలైలో మొదలుపెడితే 2030 జూలై దాకా. మార్చిలు 2028, 2029, 2030. మూడే. పైగా డిసెంబర్‌వాడికి మొదటి మార్చి పనికిరావాలంటే మూడు నెలల్లోపే ఉద్యోగం, రిజిస్టర్ చేసే కంపెనీ రెండూ దొరకాలి.

గోదారి_గట్టు: మా బావ డిసెంబర్ బ్యాచ్. మొదటి మార్చిలోనే తగిలింది.

లెక్కల_మాస్టారు: మీ బావగారికి అభినందనలు. లెక్క మారదు.

గోదారి_గట్టు: హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు అన్నాక ఇంకా లాటరీ లెక్కలేంటండీ?

లెక్కల_మాస్టారు: లాటరీ మాట ఎత్తింది తమరే. ఇక్కడే ఉండి ఎఫ్-1 నుంచి మారేవాళ్లకి ఆ ఫీజు వర్తించదని 2025 అక్టోబర్‌లో స్పష్టం చేశారు.

కొత్త_కలం: మధ్యలో వస్తున్నాను, క్షమించాలి. సమ్మర్‌లో ఒక కోర్సు చేయొచ్చుగా? ఆయన ఫాల్‌లోనే చేరారు కాబట్టి సమ్మర్‌కి ఫుల్‌టైమ్ నిబంధన ఉండదు, ఆన్‌లైన్‌ది తీసుకున్నా చిక్కులేదు. ఇంటర్న్‌షిప్ దొరికితే దాని పక్కనే నడుస్తుంది. 3, 3, 1, 3. డిసెంబర్‌కే పది.

గోదారి_గట్టు: మాస్టారూ, మీరు కంపెనీల వైపు నుంచి ఆలోచించట్లేదు. డిసెంబర్‌వాడు జనవరికి రెడీ, మేవాడు గుంపులో ఒకడు.

పాతకాపు_2016: జనవరికి రెడీగా ఉన్నా చేతిలో 2.71 ఉంటే ఎవడికి కావాలి?

ఓరుగల్లు_పోరి: మల్ల గదే 2.71! నాలుగు కోర్సుల తప్పు కాదన్నా అది. మూడు చాలు అనేటోళ్లు మిగిలిన టైంల ఏం చేస్తరో ఈడ అందరికెరుకే. గ్యాస్ స్టేషన్ల రాత్రంత నిలబడి పొద్దుగాల క్లాసుల నిద్రపోతరు. నువ్వు గూడ గంతేనా?

డాలస్_దోసె: అక్కా, నెమ్మది.

పాతకాపు_2016: అవును, నిలబడ్డా. నాలుగు కోర్సులు, వారానికి నాలుగు రాత్రులు. చాలా? మా నాన్న రెండెకరాలు తాకట్టు పెట్టి పంపాడు. రెండో సెమ్ ఫీజుకి ఇంకేం మిగల్లేదు. నీకు ఫీజు ఎవరు కట్టారో నేను అడగట్లేదు కదా.

ఓరుగల్లు_పోరి: అడుగు, చెప్త. మా బాపు ప్లాట్ అమ్మి కట్టిండు. నేను క్యాంపస్ లైబ్రరీల వారానికి 20 గంటలే చేసిన, రూల్ గదే కాబట్టి. నా రూమ్మేట్లు ఇద్దరు బయట పనికి పోయి, రాత్రి నా అసైన్‌మెంట్ అడిగి తీసుకున్నరు. జాలిపడి ఇచ్చిన. ముగ్గురివి ఒక్కతీరుగున్నయని ప్రొఫెసర్ పిలిచిండు. దొంగతనం చేసిన దానిలెక్క వాళ్ల ముందట నేను కూసున్న. మీరు "కష్టపడ్డం" అంటుంటె నాకు ఆ గది యాదికొస్తది.

పాతకాపు_2016: అది నాకు తెలీదు. నేనైతే ఎవరి అసైన్‌మెంటూ తీసుకోలేదు. అందుకే సి లు వచ్చాయి.

లెక్కల_మాస్టారు: ఇంతసేపూ కోర్సుల గురించి మాట్లాడుతున్నామనుకున్నాను. ఇప్పుడు అర్థమైంది. నరసాపురం గారూ, మీరు బయట పని చేస్తున్నారా?

నిద్రలేని_నరసాపురం: ఇంకా లేదండి. కొత్త_కలం గారు సమ్మర్ అన్నారు, అది చూశాను, జవాబివ్వలేక ఊరుకున్నాను. సమ్మర్‌కి ఒక షాపులో మాట్లాడుకున్నాను, చేతికి క్యాష్ ఇస్తారు. లోన్ 40 లక్షలు, 11 శాతం. నెలకి వడ్డీయే 36 వేలు దాటుతోంది. ఫోన్ చేసినప్పుడల్లా నాన్న "డిసెంబర్‌కే కదరా" అంటారు. ఊఁ అనేశాను. స్ప్రింగ్‌లోనే నాలుగు లాగించేస్తే సమ్మరంతా ఖాళీగా ఉంటుందని.

ఓరుగల్లు_పోరి: తమ్మీ, అది దొరికితె స్టేటస్ పోతది. వడ్డీ కాదు, 40 లక్షలకు 40 లక్షలు పోతయి.

పాతకాపు_2016: ఈ ఒక్క విషయంలో ఆ అమ్మాయి మాట విను. నా రోజులు వేరు. నాకు అదృష్టం బాగుండి బయటపడ్డా, తెలివితో కాదు. కానీ నాలుగు మాత్రం వద్దు.

ఓరుగల్లు_పోరి: నాలుగు తీసుకో, షాపు ఇడిసిపెట్టు.

కొత్త_కలం: సమ్మర్‌లో ఒకటి...

గోదారి_గట్టు: మా బావ కూడా సమ్మర్‌లో ఏదో చేశాడు, కనుక్కుని చెప్తా.

నిద్రలేని_నరసాపురం: సోమవారం అప్‌డేట్: మూడు దొరికాయి. ఆపరేటింగ్ సిస్టమ్స్ నిండిపోయింది, వెయిట్‌లిస్ట్‌లో పెట్టాను. షాపతనికి ఇంకా ఏమీ చెప్పలేదు. నాన్నకి కూడా.

డాలస్_దోసె: వెయిట్‌లిస్ట్‌లో ఎన్నో నంబరు?

నిద్రలేని_నరసాపురం: 11.