ఎన్‌క్యూఆర్: వేడి పెరిగితే టీ1 ఒక్కసారిగా ఎందుకు పడిపోతోంది?

ప్రశ్న: ఎన్‌క్యూఆర్‌తో (న్యూక్లియర్ క్వాడ్రుపోల్ రెజొనెన్స్, రేడియో తరంగాలకు కేంద్రకాల స్పందనను కొలిచే పద్ధతి) సీసీఎల్3 గ్రూప్ (ఒక కార్బన్, దానికి మూడు క్లోరిన్లు) ఉన్న ఒక స్ఫటికంలో క్లోరిన్-35 స్పిన్-లాటిస్ రిలాక్సేషన్ సమయం టీ1, అంటే కదిలించిన కేంద్రకాలు తిరిగి మామూలు స్థితికి రావడానికి పట్టే సమయం, కొలుస్తున్నాను. ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రత, అంటే 77 కెల్విన్, నుంచి మెల్లగా వేడి చేస్తుంటే టీ1 దాదాపు ఉష్ణోగ్రత వర్గానికి విలోమంగా తగ్గుతోంది. కొంత దాటాక మాత్రం బాగా నిటారుగా పడిపోతోంది, ఇంకా పైకి వెళ్తే సిగ్నలే కనబడదు. స్ఫటికం పాడవుతోందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: మళ్ళీ చల్లబరిచి చూడండి. సిగ్నల్ తిరిగి వస్తే స్ఫటికం క్షేమమే. మీరు చెప్పిన మొదటి భాగం అణువుల ఊగిసలాట వల్ల, 1951లో భౌతిక శాస్త్రవేత్త బేయర్ చెప్పింది ఇదే. రెండోది సీసీఎల్3 గ్రూప్ తన అక్షం చుట్టూ 120 డిగ్రీలు గెంతడం. లాగ్ టీ1ను 1/ఉష్ణోగ్రతకు ఎదురుగా గీస్తే ఆ గెంతుకు దాటాల్సిన శక్తి అడ్డుగోడ ఎంతో గీత వాలు నుంచే తెలుస్తుంది.

జవాబు 2: క్లోరిన్ మరో ఐసోటోప్ క్లోరిన్-37 కూడా కొలవండి, నాకైతే ఇదే అసలు పరీక్ష. ఊగిసలాట అయితే దాని టీ1 క్లోరిన్-35 కంటే 1.6 రెట్లు ఎక్కువ ఉండాలి, క్వాడ్రుపోల్ మొమెంట్ల (కేంద్రకంలో విద్యుదావేశం ఎంత గుండ్రంగా లేదో చెప్పే కొలత) నిష్పత్తి 1.27, దాని వర్గం అంతే కదా. గెంతే అయితే రెండింటికీ టీ1 దాదాపు ఒకటే, ఎందుకంటే ఒక్క గెంతుకే కేంద్రకం చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రం దిశ పూర్తిగా మారిపోతుంది. క్లోరిన్-37 సిగ్నల్ బలహీనం, ఓపికగా యావరేజ్ చేయాలి.

జవాబు 3: ఉష్ణోగ్రత కదలకుండా చూసుకోండి. పొటాషియం క్లోరేట్‌లోనే గది ఉష్ణోగ్రత దగ్గర సిగ్నల్ పౌనఃపున్యం కెల్విన్‌కు 5 కిలోహెర్ట్జ్ దాకా జరుగుతుంది.