సూదులు చేతిలో, కళ్ళు టీవీలో: ఆర్డర్ పని ఇలా అల్లొచ్చా?

(అల్లికవాళ్ళ గ్రూపులో చర్చ ఇది. ప్రతి పోస్టు పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

బెజవాడ ఊలుబంతి

విజయవాడ, గుంటూరు అల్లికవాళ్ళ మధ్య వారం నుంచి తెగని వాదన ఇది. ఆర్డర్ మీద చేసే స్వెట్టర్లు, పసిపిల్లల టోపీలు, స్టోల్స్ టీవీ చూస్తూనో ఫోను మాట్లాడుతూనో అల్లకూడదని ఒక పక్షం. చేతికి పట్టుబడ్డ పనికి కళ్ళతో పనేంటి, సీరియల్ అయ్యేలోపు రెండంగుళాలు లేస్తుంది కదా అని ఇంకో పక్షం. మీరేమంటారు? "మా ఇంట్లో ఓసారి" అనే కథలొద్దు. ఏ నమూనా, ఎన్ని కుట్లు, ఏం చెడుతుంది, ఎందుకు చెడుతుంది, అది చెప్పండి చాలు.

నాలుగో లైను

కూడదనే నా మాట. చూపు కాదు అసలు గొడవ, బిగువు. లెక్క చూడండి. 4 మి.మీ. సూదుల మీద 10 సెం.మీ.కి 22 కుట్లు వస్తున్నాయని శాంపిల్లో, అంటే ముందుగా అల్లి చూసుకునే చిన్న ముక్కలో తేలింది. 90 సెం.మీ. చుట్టుకొలతకి 198 కుట్లు ఎక్కించారు. తీరా అల్లేటప్పుడు చెయ్యి వదులై 10 సెం.మీ.కి 20 కుట్లే పడ్డాయనుకోండి, అవే 198 కుట్లు 99 సెం.మీ. అవుతాయి. తొమ్మిది సెంటీమీటర్లు తేడా వచ్చిన స్వెట్టర్ని ఎవరు తీసుకుంటారు?

శాంపిలేమో మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు కుదురుగా అల్లుతారు. అసలు పనేమో రాత్రి టీవీలో క్రికెట్ మ్యాచ్ చూస్తూ. చివరి ఓవర్లో దారం వేలికి బిగుసుకుంటుంది, యాడ్ రాగానే వదులవుతుంది. ఆ రెండూ బట్ట మీద అడ్డచారల్లా తేలతాయి. ఊలైతే తడిపి, పరిచి, పిన్నులు పెట్టి ఆరబెడితే కొంత సర్దుకుంటుంది. కాటన్‌కి ఆ సాగుడు లేదు, చార చారగానే ఉండిపోతుంది. మన ఎండలకి ఇక్కడ ఎక్కువమంది పట్టేది కాటనే కదండీ.

ఉల్టా సీదా

రోగం సరిగ్గానే పట్టుకున్నారు, మందే తప్పు. శాంపిల్ కూడా టీవీ ముందే అల్లండి! శాంపిల్ కొలిచేది దారాన్ని ఒక్కదాన్నే కాదు, ఆ పూట మీ చేతిని కూడా. 15 సెం.మీ. చదరం అల్లి, ఉతికి ఆరబెట్టాక, అంచులు వదిలేసి మధ్యలో 10 సెం.మీ. లెక్కపెట్టాలి. సూది మీద ఉండగా కొలిచినది లెక్కలోకి రాదు.

ఇక చూడకుండా అల్లడం అనేది నేర్చుకుంటే వచ్చేదే. సాఫీగా ఉన్న లావుపాటి దారం, 40 కుట్లు, అన్ని వరుసలూ నిట్టే (సాదా సీదా కుట్టు). ఎడమ సూది మీది కుట్లని మొనకి రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి తోసుకుంటూ ఉండాలి. ఎడమ చూపుడువేలు వచ్చే కుట్టు మీద ఆనాలి. కుడి సూది ఆ వేలి పక్కనుంచే దూరుతుంది. మొన మరీ పదునైతే దారం పోగుల మధ్య గుచ్చుకుని కుట్టు చీలుతుంది, అది వేలికి తెలియదు, తెల్లారి వెలుతురులో కనిపిస్తుంది. కాస్త మొద్దు మొన మేలు. పర్ల్ (ఉల్టా) కుట్టు మెడలో చిన్న బుడిపె ఉంటుంది, బొటనవేలికి తగులుతుంది. ఆ బుడిపె పట్టుబడితే రిబ్ (నిట్, పర్ల్ మార్చి మార్చి అల్లేది) కూడా చూడకుండా అల్లొచ్చు.

మే నెలలో చెమట చేతులకి వెదురు సూది మీద కుట్లు అంటుకుపోతాయి, తొయ్యడానికే వేళ్ళు అలిసిపోతాయి. చూడకుండా అల్లేవాళ్ళకి ఆ నెలల్లో లోహపు సూదే నయం.

లైఫ్‌లైన్

ఇద్దరూ చేతుల దగ్గరే ఆగిపోయారు. పాడుచేసేది లెక్క. కుక్కర్ మూడు విజిల్స్ లెక్క, వరుసల లెక్క ఒకే నోట్లో పెట్టుకుంటే పప్పన్నా మాడుతుంది, స్వెట్టర్ చెయ్యన్నా పొట్టిదవుతుంది. 1974లో బ్యాడ్‌లీ, హిచ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పిన నమూనా ప్రకారం చెవిన పడే మాటలు, మనసులో మనం అనుకునే అంకెలు ఒకే చిన్న అరలో కూర్చోవాలి. అందుకే మాటల్లేని సంగీతం వింటూ లెక్కపెట్టడం కన్నా వార్తలు వింటూ లెక్కపెట్టడం కష్టం. చేతులు ఖాళీగానే ఉన్నాయి, నోరు ఖాళీగా లేదు.

కాబట్టి "టీవీ చూడొచ్చా" అని అడక్కండి, "ఈ వరుసలో అంకె ఉందా" అని అడగండి. ఫెదర్ అండ్ ఫ్యాన్ అనే లేసు నమూనా తీసుకోండి. 18 కుట్ల గుంపు, నాలుగు వరుసల నమూనా. మొదటి వరుస నిట్, రెండోది పర్ల్, నాలుగోది నిట్. ఈ మూడూ సీరియల్‌కి వదిలేయొచ్చు. మూడోది ఒక్కటే బుర్రపెట్టి చెయ్యాలి: రెండేసి కలిపి నిట్ మూడుసార్లు, ఆపైన యార్న్ ఓవర్ (దారాన్ని సూది మీదుగా వేసి కన్నంతో కొత్త కుట్టు తెప్పించడం), ఒక నిట్, ఈ జత ఆరుసార్లు, మళ్ళీ రెండేసి కలిపి మూడుసార్లు. ఆరు తగ్గాయి, ఆరు పెరిగాయి, మళ్ళీ 18. ఆ వరుస యాడ్స్ టైములో అల్లండి, టీవీ మ్యూట్ చేసి.

ప్రతి 18కీ సూది మీద గుర్తుగా ఒక రింగు వేసుకుంటే మొత్తం లెక్కపెట్టక్కర్లేదు. ఏదో గుంపులో 17 తేలిందంటే చాలాసార్లు మర్చిపోయింది యార్న్ ఓవరే. విప్పక్కర్లేదు. తర్వాతి వరుసలో ఆ చోటుకి రాగానే, రెండు కుట్ల మధ్య అడ్డంగా ఉన్న దారాన్ని ఎడమ సూది మీదకి లేపి అల్లేస్తే సరి. కన్నం కొంచెం చిన్నదిగా వస్తుంది, కొన్నవాళ్ళు కనిపెట్టలేరు.

కృష్ణలంక క్రోషా

క్రోషా వాళ్ళని ఎవరూ తలవలేదు కాబట్టి. మాది తిరగేసిన సమస్య. కొక్కెం మీద ఉండేది ఒక్క లూపు. ఫోను మోగితే దాన్ని కాస్త పొడుగ్గా లాగి పడేసి వెళ్ళిపోవచ్చు, ఏమీ జారదు. కానీ కొక్కెం ఎక్కడ గుచ్చాలో చూడకుండా చెప్పేది ఎవరు? కింది వరుస నెత్తిన ఉండే రెండు పోగుల కిందనుంచి దూర్చాలి, సన్న దారమైతే అది వేలికి అందదు. అందుకే మాటలు ఓకే, టీవీ నాటోకే.

నరసాపురం లేసుని చూడండి, 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొందరు అదీ నిట్టింగే అనుకుంటారు, కాదు, పూర్తిగా క్రోషా. పువ్వులు చేసేవాళ్ళు వేరు, అతికేవాళ్ళు వేరు. ఒక్కో పువ్వు కొన్ని చుట్లే, గుర్తుపెట్టుకోవాల్సింది కొంచెమే. కబుర్లాడుతూ సాగుతుందంటే కారణం ఆ పంపకమే.

నాలుగో లైను

@లైఫ్‌లైన్ అంకె వాదన బాగుంది, కానీ వరుస సగంలో ఉండగా వచ్చే ఫోన్‌కాల్‌ని మర్చిపోయారు. 60 కుట్లలో 30 అల్లి సూదులు పక్కన పెట్టారు. తిరిగొచ్చి వాటిని అటుదిటు పట్టుకుని వెనక్కి అల్లుకుంటూ పోయారు. ఒక సగంలో రెండు వరుసలు ఎక్కువ, మధ్యలో ఒక కన్నం. చదునుగా అల్లే పనిలో ఇంతకన్నా మామూలు తప్పు ఇంకోటి లేదు. చూసుకోవాల్సింది ఒక్కటే: ఉండనుంచి వచ్చే దారం కుడి సూది కుట్టుకి వేలాడాలి. ఎడమ దానికి వేలాడుతోందంటే తిప్పి పట్టుకున్నట్టే.

ఉల్టా సీదా

అందుకే గుండ్రంగా అల్లండి అంటున్నా. పసిపిల్లల టోపీకి 80 కుట్లు, సర్క్యులర్ సూది (రెండు మొనల మధ్య వంగే తీగ ఉండేది), అంతా నిట్టే. 13 సెం.మీ. వచ్చేదాకా అంకే లేదు, స్కేలు చాలు. ఒళ్ళు దగ్గర పెట్టుకోవాల్సింది రెండే చోట్ల: ఎక్కించాక కలిపేటప్పుడు కుట్లు సూది చుట్టూ మెలి తిరగకూడదు, తిరిగితే విప్పడం తప్ప గతిలేదు. తర్వాత నెత్తి దగ్గర. పదేసి కుట్లకో రింగు, ఎనిమిది రింగులు. చుట్టు విడిచి చుట్టు ప్రతి రింగుకి ముందు రెండు కలిపి అల్లితే 80, 72, 64 అలా దిగుతుంది. రింగే చెబుతుంది, మనం లెక్కపెట్టేది లేదు.

స్కాట్లాండ్‌లోని షెట్లాండ్ దీవుల ఆడవాళ్ళు వీపున పీట్ (పొయ్యిలోకి వాడే మట్టిగడ్డలు) బుట్టలు మోస్తూ నడుస్తూ అల్లేవారు. నడుముకి కన్నాల తోలుబెల్టు, అందులో సూది మొన దిగేసి ఉంటుంది, చేతికి బరువు ఉండదు. ఫ్రాన్స్‌లో లాండ్ ప్రాంతం గొర్రెల కాపరులు కొయ్యకాళ్ళ మీద నిలబడి అల్లేవాళ్ళు. మనం సోఫాలో కూర్చుని కుదరదనడమేంటి?

లైఫ్‌లైన్

బెల్టు ఉంది కాబట్టి నడిచారు, నమూనా కంఠతా కాబట్టి చూడలేదు. ఎవరో పంపిన పీడీఎఫ్ చూస్తూ మొదటిసారి అల్లే స్టోల్‌కి ఆ పోలిక తేకండి.

కానూరు కాటన్

మీటింగుల్లో అల్లితే బుర్ర బాగా పనిచేస్తుందని కొందరు వాడే ఆధారం ఒకటుంది: 2009 నాటి జాకీ ఆండ్రేడ్ ప్రయోగం. 40 మందికి విసుగు పుట్టించే ఫోన్ సందేశం వినిపిస్తే, కాగితం మీది ఆకారాలని పెన్సిల్‌తో నింపుతూ విన్నవాళ్ళు 29 శాతం ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. నిజమే. కానీ వాళ్ళు నింపింది ఉత్త చదరాలు, వృత్తాలు; కేబుల్ (జడలా మెలితిరిగే నమూనా) అల్లలేదు. ఆన్‌లైన్ మీటింగులో సాదా నిట్ చాలు. లోహపు సూదుల టిక్కుటిక్కు మైకులో పడుతుంది, అక్కడ మాత్రం వెదురువే.

బెజవాడ ఊలుబంతి

గుంటూరు ప్యాసింజర్లో ఎలా? మంగళగిరి దాటాక కూర్చోడానికి చోటు దొరికితే?

నాలుగో లైను

రైల్లో ఒప్పుకుంటా. 35 సెం.మీ. పొడుగు సూదులు మాత్రం వద్దు, పక్కావిడ పక్కటెముకలకి తగులుతాయి, కిందపడితే సీట్ల కిందకి దొర్లిపోతాయి. 60 సెం.మీ. సర్క్యులర్, జిప్పు సంచి, ఉండ లోపలి కొసనుంచి దారం. కుదుపుకి జారిన కుట్టు మెట్లు మెట్లుగా దిగిపోతుంది కాబట్టి ఒక క్రోషా కొక్కెం జేబులో ఉండాలి, అడుగునుంచి ఒక్కో మెట్టూ లాగుకుంటూ పైకి రావచ్చు. బండి మీద వెనక కూర్చుని అల్లుతానంటే మాత్రం ఆ పోస్టుకి నేను జవాబివ్వను.

కృష్ణలంక క్రోషా

ఇంకోటి, మన ఊరికే పనికొచ్చేది. కారం పట్టించిన రోజో ఆవకాయ కలిపిన రోజో చేతులు ఒకసారి కడిగి ఊలు పట్టకండి. ఘాటు దారంలోకి దిగుతుంది. పసిపిల్ల టోపీ అయితే మరీను. నూనె రాసుకుని, సబ్బుతో కడిగి, ఆ పూటకి అల్లిక మానేయడమే.

ఉల్టా సీదా

@లైఫ్‌లైన్ మీ పేరు పెట్టుకున్న దాని గురించి మీరే చెప్పలేదు.

లైఫ్‌లైన్

లేసు పని టీవీ ముందు చెయ్యాల్సిందే అనేవాళ్ళకి. నమూనా ఒకసారి పూర్తయి, కుట్లు లెక్క సరిపోయిన వరుస దగ్గర ఆగండి. వేరే రంగు సన్న కాటన్ దారాన్ని మొద్దు సూదికి ఎక్కించి, అల్లిక సూది మీదున్న ప్రతి కుట్టులోంచి లాగండి, రెండు కొసలూ జానెడు వదలండి. తప్పు వస్తే సూది తీసేసి విప్పుకుంటూ పోతే ఆ దారం దగ్గర ఆగుతుంది, లైఫ్‌లైన్ అంటే అదే. రింగుల్లోంచి మాత్రం దూర్చకండి. దూర్చారో, రింగు ఆ వరుసలోనే ఇరుక్కుని పైకి రాదు.

నాలుగో లైను

బిగువు మాటకి మాత్రం ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. చివరి ఓవర్‌కి వేరే శాంపిల్ అల్లమంటారా?

ఉల్టా సీదా

చివరి ఓవర్లో సూదులు కింద పెట్టండి మేడమ్. వరుస పూర్తయ్యాక.